రోడ్డు పక్కన దెబ్బ తిన్న దుప్పి కనిపించింది: మేము చేసినది సరైనదేనా?

రంగంపేట దారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పీలేరులో దగ్గరి బంధువుల గృహప్రవేశానికి వెళ్లి, రాత్రి భోజనాలైన తరువాత నేను, నా భార్య, మా పెద్దమ్మ కారులో తిరుపతికి బయలుదేరాము. భాకరాపేట ఘాట్ దిగి రంగంపేట వైపు వస్తుండగా, తొమ్మిదిన్నర ప్రాంతంలో, రోడ్డు ఎడమ అంచున ఒక ఆడ దుప్పి పడి ఉండటం కారు వెలుతురులో కనిపించింది. ఏ వాహనం కొట్టిందో తెలియదు, కొట్టినవారు ఆగలేదు. అది ముందరి కాళ్ల మీద లేవాలని పెనుగులాడుతున్నది గాని నడుము నుంచి వెనుక భాగం కదలడం లేదు. నోటి దగ్గర కొద్దిగా రక్తం ఉంది.

పది నిమిషాలు గడిచేసరికి అక్కడ పదిహేను మంది పోగయ్యారు, ఎవరికి తోచింది వారు చేశారు. ఒకరు నీళ్ల సీసా తెచ్చి దాని నోట్లో పోశారు. అది దగ్గి, తల నేలకు కొట్టుకుంది. మరొకరు సెల్‌ఫోన్ లైటు దాని కళ్లలోకి పడేటట్లు పెట్టి వీడియో తీశారు. ఒక ఆటో ఆయన, నిజంగా మంచి మనసుతోనే, "ఎత్తి నా బండిలో వేయండి, అరగంటలో తిరుపతి పశువుల ఆసుపత్రికి చేరుస్తాను" అన్నాడు. ఇంకొక పెద్దాయన "ఎలాగూ బతకదు గదా" అని నవ్విన నవ్వుకు అర్థం అందరికీ తెలిసింది. మా పెద్దమ్మ గట్టిగా కేకలు వేయడంతో ఆయన పక్కకు తప్పుకున్నాడు. లారీలు వస్తూనే ఉన్నందువల్ల నలుగురం నాలుగు కాళ్లు పట్టుకొని దానిని తారు మీద నుంచి మట్టి అంచుకు చేర్చాము. నేను 112కు ఫోన్ చేశాను. సరిగ్గా ఎక్కడ ఉన్నారని వారు అడిగినప్పుడు "ఘాట్ దిగిన తరువాత" అని తప్ప మరొక గుర్తు చెప్పలేకపోయాను. యాభై నిమిషాలకు అటవీ సిబ్బంది ఇద్దరు జీపులో వచ్చి, గోనెపట్టా మీదికి జరిపి తీసుకువెళ్లారు. అప్పటికి దానికి ఊపిరి ఉంది. తెల్లవారకముందే చనిపోయిందని మరునాడు తెలిసింది.

నా సందేహాలు ఇవి. నీళ్లు పోయడం తప్పా? మేము కాళ్లు పట్టుకొని జరపడం వల్లనే దాని నడుము మరింత దెబ్బ తిన్నదా? ఆటో ఆయన మాట విని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి ఉంటే బతికేదా, లేక అలా తీసుకువెళ్లడం మమ్మల్ని కేసులో ఇరికించేదా? మళ్లీ ఎప్పుడైనా ఇటువంటిది ఎదురైతే ఏ క్రమంలో ఏమి చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

పాత పశువైద్యుడు, తిరుపతి

అయ్యా, నేను పశుసంవర్ధక శాఖలో చాలా కాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ముందుగా మీ మనసులో ఉన్న మొదటి అనుమానం తీరుస్తాను. మీరు చూసిన లక్షణాలను బట్టి, అంటే ముందరి కాళ్లలో బలం ఉండి వెనుక భాగం పూర్తిగా పడిపోయి ఉండటాన్ని బట్టి, వాహనం తగిలినప్పుడే వెన్నెముక విరిగి ఉంటుంది. ఆవుకైనా దుప్పికైనా ఆ స్థాయి దెబ్బ నుంచి కోలుకోవడం దాదాపు అసాధ్యం. కనుక మీరు జరపడం వల్ల అది చనిపోలేదు. అయినా జరిపిన పద్ధతి సరైనది కాదు. కాళ్లు పట్టి ఎత్తితే శరీరం బరువంతా విరిగిన చోట వేలాడుతుంది. తప్పనిసరిగా జరపవలసి వస్తే, ఒక దుప్పటి గాని గోనెపట్టా గాని నేల మీద పరచి, జంతువును దాని మీదికి మెల్లగా దొర్లించి, పట్టాతో సహా లాగాలి. మీకు తరువాత వచ్చిన సిబ్బంది చేసింది అదే.

ఇక నీళ్ల సంగతి. దెబ్బ తిన్న జంతువును చూడగానే మన చేయి ముందుగా నీళ్ల సీసా మీదికే పోతుంది. దాహంతో ఉన్న ప్రాణికి నీళ్లు ఇవ్వడం పుణ్యమని మనం పుట్టినప్పటి నుంచి విన్నాము గదా. కాని స్పృహ సరిగా లేని జంతువుకు, తల ఎత్తలేని జంతువుకు నోట్లో నీళ్లు పోస్తే అవి కడుపులోకి కాక ఊపిరితిత్తులలోకి పోతాయి. మీరు చెప్పిన దగ్గు దాని గుర్తే. పాలు, గ్లూకోజు, రొట్టె, అరటిపండు, ఏదీ పెట్టకూడదు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర పొడి చేసి వేయడం అన్నిటికంటే ప్రమాదం. మనం జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ పిల్లి జాతి శరీరానికి విషం. అడవి పిల్లి పిల్లకు జాలితో ఒక ముక్క వేసినా దానిని చంపినట్లే.

దుప్పి, కణితి (సాంబార్ జింక) వంటి జంతువుల విషయంలో దెబ్బకంటే భయం ఎక్కువ చంపుతుందని మీరు ఊహించి ఉండరు. పులిని చూసి పరుగెత్తడానికి తయారైన శరీరం అది. మనుషులు చుట్టూ చేరి, లైట్లు వేసి, మాట్లాడుతూ, చేతులతో తాకుతూ ఉంటే, దానికి అది పులి నోట్లో ఉన్నట్లే. పెనుగులాటలో కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది, శరీరం వేడెక్కుతుంది, కండరాల కణాలు చితికి అందులోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీనిని మా వృత్తిలో కాప్చర్ మయోపతి అంటారు. పైకి ఒక్క గాయమూ లేని దుప్పి, కుక్కలు తరిమితే ఊరిలోకి వచ్చి, మనుషులు పట్టుకొని కట్టివేసిన తరువాత, కొన్ని గంటలకో రెండు మూడు రోజులకో చనిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. వేసవిలో నీటి కోసం శేషాచలం అంచు గ్రామాలలోకి దుప్పులు దిగినప్పుడు ఇటువంటివి నేను ఎన్నో చూశాను. అవి చనిపోయిన తరువాత "మేము ఏమీ చేయలేదండీ, కట్టివేసి నీళ్లు పెట్టాము, అంతే" అని అమాయకంగా చెప్పేవారు.

అందుచేత మీరు చేయగలిగిన అతి పెద్ద వైద్యం, జనాన్ని కనీసం ఇరవై అడుగుల దూరం పంపడం, లైట్లు ఆర్పించడం, మాటలు ఆపించడం. దగ్గరకు పోగలిగిన పరిస్థితి ఉంటే, అంటే కొమ్ములు లేని ఆడ దుప్పి అయి, పెనుగులాట తగ్గి ఉంటే, ఒక పలుచని గుడ్డను వెనుక వైపు నుంచి వచ్చి దాని కళ్ల మీద కప్పండి. ముక్కు, నోరు మాత్రం మూయకూడదు. కళ్లకు చీకటి కాగానే చాలావరకు శాంతిస్తుంది. నెమరువేసే జంతువును పక్కకు పడవేసి ఎక్కువసేపు ఉంచితే కడుపులో గాలి చేరి ఉబ్బుతుంది. అందుకని వీలైతే రొమ్ము నేలకు ఆనేటట్లు, తల కొంచెం ఎత్తులో ఉండేటట్లు కూర్చోబెట్టినట్లుగా ఉంచాలి. వెన్ను విరిగిందన్న అనుమానం ఉంటే ఆ ప్రయత్నం కూడా వద్దు. మగ దుప్పికి కొమ్ములు ఉంటాయి, ఆడదానికి డెక్కలు ఉంటాయి. రెండూ పొట్ట చీల్చగలవు.

ఆటోలో తీసుకువెళ్లి ఉంటే బతికేదా అని అడిగారు. బతికేది కాదు. అరగంట పాటు ఆటో కుదుపులలో, ముగ్గురు పట్టుకొని కూర్చుంటే, పైన చెప్పిన భయమే దారిలో దానిని చంపేది. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. వైద్యులకు ఇక్కడ కొదువ లేదు. గాయపడిన వన్యప్రాణులను అటవీ శాఖవారు చికిత్స కోసం శ్రీ వేంకటేశ్వర జూకు తరలించడం కూడా ఇక్కడ మామూలే. కాని ఎక్కడికి తీసుకువెళ్లాలో, మత్తు ఇవ్వాలో లేదో, కొన్నిసార్లు బాధ లేకుండా ప్రాణం తీయడమే దయ అవుతుందో నిర్ణయించవలసినది వారే, మనం కాదు.

న్యాయవాది, చిత్తూరు

చట్టం గురించిన భాగానికి నేను జవాబు చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. వేటాడినదే కాదు, చనిపోయి కనిపించినదీ, పొరపాటున చంపబడినదీ కూడా ఇందులోకి వస్తాయి. అటువంటిది ఎవరి చేతికైనా వస్తే 48 గంటల లోపల దగ్గరి పోలీసు స్టేషనుకు గాని, అధికారం ఉన్న అటవీ అధికారికి గాని తెలియజేసి, కోరితే అప్పగించాలి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం, ఒకరికి ఇవ్వడం, పాడుచేయడం నేరం. కాబట్టి ఆ పెద్దాయన నవ్వు వెనుక ఉన్న ఆలోచన, "వాహనం కొట్టి చంపింది, మేము చంపలేదు, కోసుకుంటే ఏమి" అన్న వాదన, కోర్టులో నిలవదు. 2022 సవరణ తరువాత, ఈ చట్టం కింద సాధారణ నేరాలకు 3 సంవత్సరాల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉన్న చిరుత, నెమలి, అలుగు వంటి జంతువుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 సంవత్సరాల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి.

ఈ కథ విని భయపడి ఎవరూ రోడ్డు మీద ఆగకుండా పోకూడదు. ఆగినందుకు, ఫోన్ చేసినందుకు, రక్షించాలనే ఉద్దేశంతో పక్కకు జరిపినందుకు ఎవరినీ శిక్షించే చట్టం కాదు ఇది. సమస్య ఎక్కడ వస్తుందంటే, ఎవరికీ చెప్పకుండా వాహనంలో ఎక్కించుకొని ఇంటికి తీసుకువెళ్లి, నాలుగు రోజులు సాకి, అది తగ్గిన తరువాత ఫోన్ చేసినప్పుడు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని అటవీ తనిఖీ కేంద్రం దగ్గర వాహనం ఆపినప్పుడు లోపల ఉన్న జంతువుకూ మీ ఉద్దేశానికీ మధ్య కాగితం ఒక్కటీ ఉండదు. అటవీ అధికారి ఫోన్‌లో తీసుకురమ్మని చెబితే, ఆ అధికారి హోదా, ఫోన్ చేసిన సమయం రాసుకొని, వాట్సాప్‌లో ఒక ఫోటోతో పాటు "మీరు చెప్పినట్లు ఫలానా చోటికి తీసుకువస్తున్నాము" అని ఒక మాట పంపించి బయలుదేరండి. ఆ ఒక్క సందేశం మీకు రక్షణ.

మరొక పొరపాటు అభిప్రాయం కూడా ప్రచారంలో ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. అది మనుషుల కోసం రాసినది. దుప్పిని ఎక్కించుకొని పోతూ ఆ సెక్షన్ పేరు చెబితే పని జరగదు.

కౌండిన్య అంచు, పలమనేరు

పశువైద్యుడు గారు జంతువు గురించి చెప్పారు, వకీలు గారు కాగితం గురించి చెప్పారు. నేను రోడ్డు గురించి చెబుతాను. ఎందుకంటే అడవి దారిలో ఆగినవారిని కొట్టేది ఎక్కువసార్లు జంతువు కాదు, వెనుక వచ్చే లారీ. మా వైపు మొగిలి ఘాట్‌లోనూ, మీ వైపు భాకరాపేట ఘాట్‌లోనూ మలుపు లోపల కారు ఆపడమంటే ప్రాణాలకు తెగించడమే. మలుపు దాటి, తిన్నగా ఉన్న చోట, తారు దిగి ఆపి, నాలుగు వైపులా మెరిసే లైట్లు వేసి, హెచ్చరిక త్రిభుజం ఉంటే బాగా వెనుకకు తీసుకువెళ్లి పెట్టి, ఆ తరువాత ఫోన్ తీయాలి. పిల్లలను, పెద్దవారిని కారు దింపవద్దు. మీ పెద్దమ్మ గారు దిగి మంచి పని చేశారు గాని, మరోసారి కారులో నుంచే కేకలు వేయమని చెప్పండి.

ఎక్కడ ఉన్నారో చెప్పలేకపోయానని రాశారు. ఆ యాభై నిమిషాలలో కనీసం ఇరవై నిమిషాలు అందుకే పోయి ఉంటాయని నా అంచనా. రోడ్డు పక్కన ఉండే కిలోమీటరు రాయి మీది అంకె, లేదా దాటిన చివరి ఊరి పేరు, ఏ వైపు నుంచి ఏ వైపు వెళుతున్నారు అన్నది చెబితే సిబ్బంది వెతుక్కోకుండా వస్తారు. ఫోన్ నుంచి లొకేషన్ పంపగలిగితే ఇంకా మంచిది, కాని ఘాట్‌లలో సిగ్నల్ ఉండదు. అటువంటప్పుడు ఒకరు జంతువు దగ్గర, మరొకరు సిగ్నల్ దొరికే చోట ఉండాలి. అడవి అంచున 112కు చేసినా అటవీ శాఖకు కబురు వెళుతుంది. జాతీయ రహదారి మీద అయితే 1033కు చేసి, రోడ్డు మీద జంతువు అడ్డంగా పడి ఉందని చెబితే, ఆ దారిలో తిరిగే గస్తీ వాహనం వచ్చి వెనుక వాహనాలను ఆపగలదు. 2022లో జిల్లాల విభజన జరిగిన తరువాత ఒకే ప్రయాణంలో రెండు మూడు జిల్లాల సరిహద్దులు దాటుతున్నాము, కాబట్టి జిల్లా పేరు కూడా చెప్పండి.

ఇక ఏ జంతువు అన్నది చూసుకోవాలి. మా కౌండిన్య అభయారణ్యం 1990లో ప్రకటించారు. అంతకు ముందే, 1980 దశకంలో, తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర చెన్నై–బెంగళూరు రహదారి మీద రాత్రి వేళ వాహనం ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. ఆ తరువాత ఆ దారిలో రాత్రి పూట కారు నడిపేటప్పుడు నా కాలు బ్రేకు మీదనే ఉంటుంది. ఏనుగు పడి ఉంటే దగ్గరలో మిగిలిన మంద ఉంటుంది. అవి పడిపోయినదానిని విడిచి పోవు. అక్కడ కారు దిగడం కాదు, కారు ఆపడమే తప్పు. అర కిలోమీటరు వెనుకకు వచ్చి ఎదురు వాహనాలను ఆపండి. చిరుత, ఎలుగుబంటి, అడవి పంది విషయంలోనూ అంతే; కదలకుండా పడి ఉన్న చిరుత చచ్చినట్లు కనిపించవచ్చు, చచ్చి ఉండకపోవచ్చు. పంది కోసం పెట్టిన ఉచ్చులో చిక్కి తెంచుకొని వచ్చిన చిరుత అయితే నడుముకు తీగ ఉంటుంది, దానికి మనుషుల మీద కోపం కూడా ఉంటుంది. కారు అద్దాలు ఎత్తి, దూరం నుంచి ఫోన్ చేయండి, అంతకు మించి ఏమీ వద్దు.

కోతుల గురించి ఒక్క మాట. ఘాట్ రోడ్లలో కోతులు వాహనాల కింద పడటానికి కారణం, మనం ఆపి అరటిపండ్లు విసరడం. దెబ్బ తిన్న కోతిని పట్టుకోబోతే గుంపు మొత్తం మీద పడుతుంది. తల్లి చనిపోయి పిల్ల దానిని పట్టుకొని ఉన్నా మీరు లాగవద్దు.

మంగాపురం మాస్టారు

పెద్దలందరూ "తాకవద్దు, ఫోన్ చేయండి" అనే చెబుతున్నారు. సవినయంగా ఒక అభ్యంతరం. నేను శ్రీనివాస మంగాపురం నుంచి శ్రీవారి మెట్టు వరకు ఉన్న దారిలో రోజూ ఉదయం నడుస్తాను. రెండు నెలల క్రితం ఆ దారి పక్కన రెక్క విరిగిన గుడ్లగూబ ఒకటి కనిపించింది. నేను ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే మరొక కార్యాలయం నంబరు ఇచ్చారు, అక్కడ ఎత్తలేదు. ఈలోగా నాలుగు కుక్కలు దానిని చూశాయి. అప్పుడు నేను చేతులు కట్టుకొని నిలబడాలా? పై కండువా దాని మీద వేసి, ఎత్తి, ఇంట్లో ఉన్న అట్టపెట్టెలో పెట్టి, గంటన్నర తరువాత అటవీ సిబ్బంది దొరికితే అప్పగించాను. పైగా అపశకునమని ఇంట్లో వారు పెట్టెను గడప దాటనివ్వలేదు, వాకిలి పక్క వేపచెట్టు కిందనే ఉంచవలసి వచ్చింది. ఏ చట్టమైనా నన్ను తప్పు పట్టగలదా?

పాత పశువైద్యుడు, తిరుపతి

మాస్టారు గారూ, మీరు చేసినది నూటికి నూరు పాళ్లు సరైనది. నేను రాసినది పెద్ద జంతువులను దృష్టిలో పెట్టుకొని రాసినది, ఆ తేడా స్పష్టంగా చెప్పకపోవడం నా లోపం. అట్టపెట్టెలో పట్టే ప్రాణి వేరు, పట్టని ప్రాణి వేరు. పక్షి, ముళ్లు లేని చిన్న జంతువు, తాబేలు వంటివి కుక్కల నోటికో వాహనాల కిందికో పోయే స్థితిలో ఉంటే గుడ్డ కప్పి ఎత్తి పెట్టెలో పెట్టడమే మేలు. పెట్టెకు గాలి కోసం చిన్న రంధ్రాలు, అడుగున పాత నూలు గుడ్డ ఉండాలి. లోపల నీళ్ల గిన్నె పెట్టకూడదు. అది ఒలికి పక్షి తడిసి చలికి చనిపోతుంది. ఇంట్లో పిల్లలకు చూపించడానికి పదే పదే మూత తీయడం మానాలి. గుడ్లగూబను, గద్దను పట్టుకొనేటప్పుడు ముక్కుకంటే గోళ్లకు ఎక్కువ భయపడాలి. మీరు నీడలో, చీకటి పెట్టెలో ఉంచి గంటన్నరలో అప్పగించారు. వేపచెట్టు కిందనే ఉండటం, ఇంటివారు ఏ కారణంతో అన్నా గాని, దానికి మంచిదే అయింది.

దేవాంగపిల్లి (రాత్రి పూట చెట్ల మీద తిరిగే చిన్న జంతువు, స్లెండర్ లోరిస్) కనిపిస్తే కూడా ఇదే పద్ధతి, కాని దళసరి గుడ్డ వాడాలి, అది కొరుకుతుంది. దాని పెద్ద కళ్లకు వెలుతురు బాధ కాబట్టి లైటు వేసి ఫోటో తీయవద్దు. పునుగు పిల్లిని మాత్రం చేతితో పట్టుకొనే సాహసం చేయవద్దు. శ్రీవారి సేవలో పునుగు తైలానికి ఉన్న స్థానం వల్ల ఆ జంతువు మీద మన ఊరిలో భక్తి ఉంది. రోడ్డు మీద దెబ్బ తిన్నది దొరికితే తీసుకువెళ్లి పెంచుదామని అడిగినవారు నాకు తెలుసు. అది కుదరదు, చట్టరీత్యా కూడా నేరం. బోర్లించిన పెద్ద బుట్ట దాని మీద పెట్టి, బుట్ట మీద రాయి పెట్టి, సిబ్బంది వచ్చేదాకా ఎండ పడకుండా చూడండి.

పాము అయితే ఎంత దెబ్బ తిన్నా, జెర్రిపోతే అని మీకు నమ్మకం ఉన్నా తాకవద్దు. తల తెగిన విషసర్పం కూడా కొంతసేపటి వరకు కాటు వేయగలదు.

మరొక ముఖ్యమైన సంగతి, దీనిని ఎవరూ ప్రస్తావించలేదు. నక్క, ముంగిస, అడవి పిల్లి, కోతి, ఇవి కరిచినా గీరినా, లేక వాటి చొంగ మీ చేతి మీది పుండుకు తగిలినా, కుక్క కరిచినట్లే భావించాలి. మనుషులను చూసి పారిపోకుండా తూలుతూ పగటి పూట రోడ్డు మీద తిరిగే నక్క వాహనం దెబ్బ తిన్నదో, రేబిస్ పట్టినదో దూరం నుంచి చెప్పలేము. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తిరుపతిలో రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం. కండరానికి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 14, 28 రోజులలో ఐదు మోతాదులు ఉంటాయి, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో ఇస్తారు. గాయం లోతును బట్టి గాయం చుట్టూ మరొక మందు కూడా ఇస్తారు. జాలితో చేసిన పనికి మనిషి ప్రాణం పోగొట్టుకోకూడదు. ఆ రాత్రి దుప్పి నోటి రక్తం తగిలిన నలుగురూ చేతులు సబ్బుతో కడుక్కున్నారా?

న్యాయవాది, చిత్తూరు

మాస్టారు గారి ప్రశ్నకు: తప్పు పట్టలేదు. 48 గంటలు ఇచ్చిన చట్టం గంటన్నరలో అప్పగించినవారిని ఏమి చేస్తుంది? మీరు మొదటి కార్యాలయానికి చేసిన ఫోన్ వివరం మీ సెల్‌ఫోన్‌లో ఉంది, అదే మీ సాక్ష్యం. పశువైద్యుడు గారు బాధ లేకుండా ప్రాణం తీయడం గురించి రాశారు కాబట్టి ఒక వివరణ: కోలుకోలేనంతగా దెబ్బ తిన్న జంతువు విషయంలో అటువంటి అనుమతి ఇచ్చే అధికారం 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి, ఆయన అధికారం ఇచ్చిన అధికారికి ఉంటుంది. "దాని బాధ చూడలేక" రాయితో కొట్టి చంపినవారు దయగలవారే కావచ్చు, చట్టం దృష్టిలో మాత్రం వేటగాళ్లు.

రంగంపేట దారి

ఇంత ఓపికగా రాసిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. వెన్ను దెబ్బ వల్లనే చనిపోయిందని పశువైద్యుడు గారు చెప్పిన తరువాత నాలుగు రోజుల భారం కొంత తగ్గింది. చుట్టూ చేరి లైట్లు వేసి దాని చివరి గంటను ఇంకా కష్టం చేశామన్న బాధ మాత్రం పోలేదు. చేతుల సంగతి అడిగారు. నేను, నాతో పాటు దుప్పి కాళ్లు పట్టుకున్న మోటారు సైకిలు ఆయన ఇంటికి వచ్చి కడుక్కున్నాము. ఆటో ఆయన కడుక్కున్నాడో లేదో తెలియదు. అతని నంబరు ఉంది, ఈ రోజే అడుగుతాను.

నిన్న సాయంత్రం పని మీద భాకరాపేట వైపు వెళ్లినప్పుడు అటవీ రేంజి కార్యాలయం దగ్గర ఆగి, ఆ దారిలో పనిచేసే సెక్షన్ అధికారి, బీటు అధికారి ఫోన్ నంబర్లు అడిగి రాసుకున్నాను. అడిగితే సంతోషంగా ఇచ్చారు, నేను మొదటివాడినేమో అనిపించింది. కారులో ఒక పాత దుప్పటి, దళసరి చేతి తొడుగులు, మడతపెట్టిన అట్టపెట్టె పెట్టుకున్నాను. మా పెద్దమ్మ ఒక సబ్బు కూడా పెట్టింది.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ఆ కార్యాలయంలో ఒకరు చెప్పారు, రోడ్డు పక్క పొదలో ఒంటరిగా కదలకుండా పడుకున్న దుప్పి పిల్లను అనాథ అనుకొని జనం తెచ్చి అప్పగిస్తున్నారని. అది నిజంగా అనాథ కాదా? రెండవది, మా అత్తగారి ఊరు మదనపల్లె వైపు. వానలు పడగానే ఆ రోడ్ల మీద నక్షత్ర తాబేళ్లు దాటుతుంటాయి. డిప్పకు పగులు వచ్చినది ఒకటి పోయిన ఏడాది చూశాను. ఎవరో ఫెవిక్విక్‌తో అతికించవచ్చు అన్నారు.

పాత పశువైద్యుడు, తిరుపతి

మొదటిదానికి: కాదు. తల్లి దుప్పి పుట్టిన మొదటి రోజులలో పిల్లను పొదలో దాచి మేతకు వెళుతుంది, పిల్ల కదలకుండా పడుకొని ఉండటమే దాని రక్షణ. ఒంటి మీద గాయం, ఈగలు, చీమలు లేకపోతే, పక్కన చనిపోయిన తల్లి కనిపించకపోతే, మీరు ఎంత త్వరగా అక్కడ నుంచి వెళితే తల్లి అంత త్వరగా వస్తుంది. సరిగ్గా తారు మీదనే పడుకొని ఉంటే మాత్రం ఎత్తి కొన్ని అడుగుల దూరంలోని పొదలో పెట్టి వెళ్లిపోండి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలివేస్తుందని చెప్పే మాటను పట్టించుకోవద్దు.

రెండవదానికి: జిగురు వద్దు. తాబేలు డిప్ప గోరు వంటిది కాదు, దాని కింద బతికి ఉన్న ఎముక, నరాలు ఉంటాయి. మురికితో సహా అతికిస్తే లోపల చీము పడుతుంది. పగులు మీద శుభ్రమైన పొడి గుడ్డ వదులుగా చుట్టి, నీళ్లు లేని పొడి పెట్టెలో పెట్టి, మీరు రాసుకున్న నంబరుకు ఫోన్ చేయండి. అది నీటి తాబేలు కాదు, దయచేసి ఎవరూ చెరువులో వదలవద్దు. మొదటి షెడ్యూలులోని జంతువు కాబట్టి, లక్ష్మీప్రదమని ఇంట్లో పెట్టుకొనేవారికి వకీలు గారు పైన రాసిన శిక్షలే వర్తిస్తాయి. దెబ్బ లేకుండా ఊరికే రోడ్డు దాటుతున్నదైతే, వెనుక వాహనం చూసుకొని, రెండు చేతులతో నేలకు దగ్గరగా ఎత్తి, అది ఏ వైపు వెళుతున్నదో ఆ వైపు అంచునే దింపండి. వచ్చిన వైపు దింపితే మీరు కారు ఎక్కేలోపు మళ్లీ రోడ్డు మీదికి వస్తుంది.